టొలీడో చేరేలోపు

విమానం నేల వదిలిందో లేదో, ఇంకా ముక్కు పైకెత్తుకుని ఎక్కుతూనే ఉంది, కోచ్ డెన్హమ్ బెల్టు విప్పుకుని లేచాడు. కూర్చోమంటున్న ఎయిర్‌హోస్టెస్‌ని చేత్తో పక్కకు తప్పించి, సీట్ల అంచులు పట్టుకుంటూ తొమ్మిదో వరస దాకా వచ్చి, ఎమ్మెట్ క్లాసెన్ పక్కన మోకాలి మీద కూర్చుని, కిటికీ దగ్గర వేడ్ లేథమ్ నిద్రపోయాడో లేదో తొంగి చూసి, "టొలీడో చేరేలోపు చెప్పు ఎమ్మెట్. వచ్చే ఆదివారానికి కుర్రాడు పనికొస్తాడా, రాడా. నీ మాట మీదే ఉంటాను," అని గొంతు తగ్గించి అని, ఆ భారం అక్కడ దింపేసిన హాయితో ముందు వరసకు వెళ్లిపోయాడు.

నీ మాట మీదే ఉంటాడట. ఎనిమిది వారాలుగా ఆయన ఎవరి మాట మీద లేడు గనక? మొదటి వారం పత్రికల వాళ్ల మాట మీద ఉన్నాడు, మూడో వారం బావమరిది మాట మీద, ఐదో వారం గరాజ్ తలుపులు అమ్మి జట్టు కొనుక్కున్న యజమాని వాన్‌హూఫ్ మాట మీద, నిన్న హోటల్లో గుడ్లు వేయించే వంటవాడు కుర్రాణ్ణి మైదానంలోకి దింపమంటే వాడి మాట మీద కూడా అరగంట సేపు ఉన్నాడు. నలభై ఏళ్లు ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో తిరిగి, తనదంటూ ఒక్క మాట లేకుండా ఇంతదూరం రావచ్చా అని ఎమ్మెట్‌కు అసహ్యం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వేసేది. ఒంట్లో ఒక్క ఎముక లేకుండా చేప ఈదినట్టు. కాదు, చేపకు ఎముకలుంటాయి, మొన్న శుక్రవారం భార్య నోరీన్ వేయించిన సరస్సు చేపలో ముల్లు చిగుట్లో దిగితే, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఆమె చిన్న అద్దం, పట్టకారు తెచ్చి, "నోరు తెరువు, ఇది నా వృత్తి," అని తీసింది. డెన్హమ్‌కి ఆపాటి ముల్లు కూడా లేదు. కిటికీలోంచి నవంబరు సాయంత్రపు ఎండ అడ్డంగా పడుతోంది. కింద నాష్‌విల్, ఇరవై ఏడు, తొమ్మిది స్కోరుతో వాళ్లను తన్ని పంపిన ఊరు, బొమ్మలపెట్టె అంత చిన్నదై మర్యాదగా మెరుస్తోంది.

ఎప్పుడు. టొలీడోలో ఏప్రిల్ నుంచీ ఈ ఒక్క మాటే. ఎక్కడో అలబామాలో బంతి విసిరే కుర్రాణ్ణి ఏరి తెచ్చుకున్న రోజు నుంచీ, ముసలి వేడ్‌ని కూర్చోబెట్టి వాణ్ణి ఎప్పుడు ఆడించాలి అని పళ్ల డాక్టరు దగ్గర, పెట్రోలు బంకులో, చర్చిలో ఒకటే గొడవ. శ్మశానంలో ఎమ్మెట్ మేనమామ శవపేటిక దించుతుంటే కూడా, పక్కనున్నవాడు టోపీ గుండెల మీద పెట్టుకుని, ఇంతకీ ఎప్పుడంటావు అని అడిగాడు. ఒకడు ఐదో వారం అంటాడు. ఇంకొకడు చలి మొదలయ్యేలోపే అంటాడు, వాడు జీవితంలో చలిలో చేసిన పని మంచు మీద ఉప్పు చల్లడం ఒక్కటే. సొంత ఊరి మైదానంలో అయితే మంచిదని టికెట్లు అమ్మేవాళ్లు. ఎదుటి జట్టు బలహీనంగా ఉన్నప్పుడని రేడియోలో ఫోన్ చేసేవాళ్లు, ఆ ఎదుటి జట్లన్నీ వీళ్లతో ఆట ఉందని పండగ చేసుకుంటున్న సంగతి తెలియదు పాపం. వాన్‌హూఫ్ అయితే ఒక రంగుల పటం గీయించాడు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఆకుపచ్చ గడిలోకి రాగానే దింపాలట, గరాజ్ తలుపుకి మీట నొక్కినట్టు. డెన్హమ్ లెక్క అన్నిటికన్నా తేలిక. ఏ రోజు దింపితే తప్పు తనది కాకుండా పోతుందో ఆ రోజు. ఆ రోజు కోసం ఎనిమిది వారాలుగా ఎదురుచూస్తున్నాడు, ఏడు ఓడి, ఒకటి ఎదుటివాళ్ల దయవల్ల గెలిచి.

ఒక్కడంటే ఒక్కడు చేతుల గురించి అడగలేదు.

సెంటర్‌గా ఎమ్మెట్ పని వంగడం. బంతి మీద కుడిచెయ్యి వేసి, నడుము విరిచి, ముఖం ఎత్తి ఎదురుగా ఉన్న కొండల్లాంటి మనుషుల్ని చూస్తూ వంగి ఉండటం. వెనక, ఆట నడిపించి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నిలబడి తొడల మధ్యకు చేతులు పెట్టి కూత పెడతాడు, అనుకున్న కూత దగ్గర ఎమ్మెట్ బంతిని ఆ చేతుల్లోకి కొడతాడు, కొట్టిన చేత్తోనే ముందుకు దూకి వచ్చేవాణ్ణి ఆపుతాడు. మిగతా జట్లన్నీ ఇప్పుడు నాజూకు నేర్చి క్వార్టర్‌బ్యాక్‌ని ఐదు గజాలు వెనక నిలబెట్టి బంతి గాల్లో పంపిస్తున్నాయి, డెన్హమ్ మాత్రం తన యవ్వనంలో నేర్చుకున్న పద్ధతి వదలడు, వేరేది రాదు గనక. అందువల్ల పదకొండేళ్లలో ఎమ్మెట్ వెనక పద్నాలుగు జతల చేతులు వచ్చి వెళ్లాయి. పేర్లు కొన్ని మరిచిపోయాడు. చేతులు మరవలేదు. గోళ్లు కొరుక్కునేవాడొకడు, వాడి వేళ్ల చివరలు చిన్నపిల్లల పాలపళ్లలా గరుకుగా తగిలేవి. ఉంగరం తియ్యనివాడొకడు. ఎప్పుడూ చల్లగా, పాతాళం నుంచి తీసినట్టుండే చేతులొకడివి, అతను ఇప్పుడు టీవీలో కూర్చుని ధైర్యం గురించి మాట్లాడతాడు, ధైర్యం ఏ వేళ్లలో ఉండేదో ఎమ్మెట్‌ని అడిగితే చెప్పేవాడు. టీవీ వాళ్లు అడగరు. మనుషుల్ని ముఖాలు చూసి అంచనా కట్టే మూర్ఖులు లోకమంతా. ముఖం ఎవడైనా దిద్దుకోవచ్చు. గుండె ఏ లెక్కన కొట్టుకుంటోందో, సెంటర్‌ని తాకే ఆ పైచేతి వెనక భాగం దాచలేదు.

వేడ్ చేతులు ఎనిమిదేళ్లుగా తెలుసు. పైన ఉండే కుడిచెయ్యి వచ్చి ఒక్కసారి పైకి ఒత్తేది, తలుపు తట్టి నేనే అన్నట్టు, తొందర లేకుండా. ఆ ఒత్తిడి తగలగానే ఎమ్మెట్‌కు భుజాలు సర్దుకునేవి, ఎనభై వేలమంది అరుస్తున్నా సొంత వంటింట్లో నిలబడ్డట్టుండేది. ఈ ఏడాది మూడో ఆటలో ఒకడు వచ్చి వేడ్ మోచేతి మీద పడ్డాడు. లేచాడు, నవ్వాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి కూతకు చెయ్యి వచ్చి ఒత్తినప్పుడు ఎమ్మెట్ వేళ్లు లెక్కపెట్టాడు. బొటనవేలు ఉంది, చూపుడువేలు ఉంది, నడిమి వేలు ఉంది. చివరి రెండు వేళ్లు ఉండాల్సిన చోట మాంసం ఉంది, మనిషి లేడు. మరుసటి వారం కూడా లేడు. ఆ మరుసటి వారం కూడా. వేడ్ ఒక్క మాట అనలేదు. వైద్యుడి దగ్గర మంచి వేళ్లతోనే బిగించి చూపించాడు, భోజనం దగ్గర ఫోర్కు ఎడమచేతికి మార్చి, ఫ్రెంచి వాళ్లు ఇలాగే తింటారటరా అని నవ్వించాడు. ఎమ్మెట్ కూడా ఒక్క మాట అనలేదు. బంతిని మాత్రం కొట్టడం మానేశాడు. గుడ్డు అందించినట్టు మెత్తగా ఆ చేతుల్లో పెట్టడం మొదలుపెట్టాడు, జారిపోకుండా, రెండు వేళ్లు లేనివాడికి రెండు వేళ్లు అప్పిచ్చినట్టు. పెట్టేవాడికి ఒక రెప్పపాటు ఎక్కువ పడుతుంది. ఆ రెప్పపాటులో ఎదుటివాడు ఒక అడుగు లోపలికి వస్తాడు. ఐదు వారాలుగా వస్తున్నాడు, వచ్చి వేడ్‌ని నేలకేసి కొడుతున్నాడు, సెంటర్ ముసలాడైపోయాడని రేడియోలో చెప్తున్నారు. చెప్పుకోనీ. తెలివి తక్కువవాళ్ల తిట్లకు బాధపడటం కూడా ఒక రకంగా వాళ్లకు గౌరవం ఇవ్వడమే.

ఇవాళ మూడో భాగంలో, ఇంకా నాలుగు గజాలు పోతే పాయింట్లు వచ్చే చోట, అంత మెత్తగా పెట్టినా బంతి జారిపోయింది. ఆట అక్కడే పోయింది. ముగిశాక మైకులు వచ్చాయి. నాదే తప్పు, చెయ్యి చెమట పట్టింది, అన్నాడు ఎమ్మెట్. నవంబరులో, స్వెట్టర్లు వేసుకుని నిలబడ్డ ఇరవైమంది అది రాసుకున్నారు. చెమటా, ఈ చలిలోనా, అని ఒక్కడైనా తలెత్తలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు, ఇంత చచ్చు అబద్ధం చెల్లినందుకు వాళ్ల మీద ఒళ్లు మండింది. ఇప్పుడు పక్క సీట్లో వేడ్ కదిలాడు, కుడిచెయ్యి స్వెట్‌షర్టు ముందు జేబులో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి. నిద్రలో కూడా ఆ చెయ్యి బయటికి తియ్యడు. ముప్పై ఏడేళ్లు. ఈసారి కూర్చోబెడితే మళ్లీ ఎవరూ లేపరు, ఏ జట్టూ పిలవదు, ఆ సంగతి ఈ విమానంలో సామాను ఎక్కించేవాడికి కూడా తెలుసు. ఒక్క మాట. టొలీడో చేరేలోపు.

చెప్పడానికేముంది, మూడుసార్లు చెప్పాడు. రెండో వారంలో అడిగితే కుర్రాడు పనికిరాడన్నాడు, ఐదో వారంలో పనికిరాడన్నాడు, పోయిన వారం డెన్హమ్ మెట్ల దగ్గర ఆపి అడిగితే తల అడ్డంగా ఊపి నడిచి వెళ్లిపోయాడు. మలకై ప్రూయిట్. ఇరవై రెండేళ్లు. మేజోళ్ల మీద చెప్పులు వేసుకుని తిరుగుతాడు. తుడిచేవాడి దగ్గర్నుంచి యజమాని దాకా అందరినీ సార్ అంటాడు, అన్నిటికీ ఒక చిన్న నోటుపుస్తకం తీస్తాడు, మొన్న భోజనాల దగ్గర ఆవాల పచ్చడి సీసా ఎక్కడుందో అడిగి అది కూడా రాసుకున్నాడని నవ్వుకున్నారు. కాలేజీలో నాలుగేళ్లూ ఐదు గజాలు వెనక నిలబడి ఆడాడు. సెంటర్ కింద చేతులు పెట్టడమంటే వాడికి మురుగుకాలవలో పడ్డ నాణెం తియ్యడంలాంటిదై ఉంటుంది. అలాంటివాడి ముఖం ముద్రించిన చొక్కాలు వేసుకుని జనం చలిలో నిలబడి పేరు పిలుస్తారు, వాడు ఆడింది ఎవరూ చూడకముందే. ఆడింది చూడలేదు గనకనే పిలుస్తారు. చూసినవాణ్ణి ఎవరు పిలుస్తారు?

కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచి ముందుకు లాక్కుంటే అందులో వెండి కాగితం ఉండ ఒకటి తగిలింది. విప్పితే కమలాపండు. నోరీన్ నల్లసిరాతో దాని మీద ముఖం గీసింది, కళ్లు మూసుకుని గుర్రుపెడుతున్న ముఖం, కనుబొమలు మాత్రం అచ్చంగా ఎమ్మెట్‌వి. మూడు వందల ఇరవై పౌండ్ల మనిషి ఆ పండును అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి చూశాడు, నవ్వు వచ్చి, పక్కవాడు చూస్తాడేమో అని దగ్గినట్టు చేశాడు. జూన్‌లో పెళ్లయింది. జట్టుకు సెలవుండే నాలుగు వారాల్లో చేసుకోవాలి గనక, చేసుకుని, పడవ అద్దెకు తీసుకుని, పడవ నడపడం రాక మూడు రోజులు ఒడ్డునే కట్టేసి అందులోనే కాపురం చేశారు. తెల్లవారి టోస్టు మాడితే మాడిన వైపు కిందికి తిప్పి పెట్టి, చూడు ఎంత బాగా వచ్చిందో అనే మనిషి. ఈ ఆట గురించి ఆమెకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, అది ఎమ్మెట్‌కు వానలో గొడుగు దొరికినట్టుంటుంది. కాని గురువారం రాత్రి ప్లేట్లు తుడుస్తూ అడిగింది, మీ వాళ్లు ఆ అబ్బాయి గురించి ఎందుకింత గొడవ పడుతున్నారు అని. సెంటర్ చేతినుంచి బంతి అందుకోవడం వాడికి రాదు, అది వచ్చేదాకా దింపకూడదు, అని ఎమ్మెట్ విసుగ్గా చెప్పాడు.

"నువ్వు ఇచ్చినప్పుడు జారవిడుస్తున్నాడా?"

"నేనెందుకిస్తాను? నేను మొదటి జట్టు. వాడు ఉత్తుత్తి జట్టులో ఆడతాడు. వాళ్లకు వేరే సెంటర్ ఉంటాడు, బ్రాస్క్ అని."

"అంటే నువ్వు ఎప్పుడూ ఇవ్వలేదా? ఒక్కసారి కూడా?"

"అది పద్ధతి కాదు నోరీన్. వారమంతా వేడ్‌కే సరిపోదు."

ఆమె ప్లేటు తుడవడం ఆపి, "నేను నోరు తెరిపించకుండానే పన్ను పుచ్చిందని చీటీ రాస్తే మా డాక్టరు నన్ను ఆ పూటే ఇంటికి పంపిస్తాడు బాబూ," అంది. అని మళ్లీ తుడుచుకుంది. ఎమ్మెట్ ఆ రోజు చిన్నగా నవ్వి, ముక్కుతో, ఎదుటివాళ్లకు ఏమీ తెలియదని తెలిసినప్పుడు నవ్వే నవ్వు నవ్వి, టీవీ పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ నవ్వు రాలేదు. బుధ, గురు, శుక్రవారాలు మైదానం అవతలి చివర ఉత్తుత్తి జట్టు కుర్రాళ్లు ఏం చేస్తుంటారో పదకొండేళ్లుగా తెలిసినదే, తెలిసినదాన్ని ఎవరూ చూడరు. మలకై, వచ్చే ఆదివారం ఎదురుపడే జట్టు క్వార్టర్‌బ్యాక్ నంబరున్న పలచటి చొక్కా వేసుకుంటాడు. ఒకాయన అట్టల మీద గీసిన వాళ్ల ఆటలు ఎత్తి చూపిస్తాడు. వాళ్లలాగే నిలబడి, వాళ్లలాగే విసిరి, మన రక్షణ జట్టుకు అలవాటు చేస్తాడు. ఒక వారం ఎడమచేతివాడిలా పరుగెత్తాడు, ఒక వారం కుంటివాడిలా కుంటాడు, వెనకనున్నవాళ్లు పడి పడి నవ్వారు. ఎనిమిది వారాల్లో ఎనిమిదిమంది మనుషులయ్యాడు. తనుగా ఒక్క బంతి అందుకోలేదు. మన ఆట రాదు గనక ఆడించకూడదు, ఆడించలేదు గనక మన ఆట రాదు, ఈ రెండు వాక్యాల చుట్టూ రెండు వందలమంది జీతగాళ్లు, ఒక రంగుల పటం, ఒక రేడియో స్టేషను గానుగెద్దుల్లా తిరుగుతున్నారు. వాళ్లలో అందరికన్నా మూర్ఖుడు ఎవరయ్యా అంటే, వాళ్లందరూ మూర్ఖులని తెలిసినవాడు. మూడుసార్లు నోరు తెరిపించకుండా చీటీ రాసినవాడు.

కమలాపండును జేబులో పెట్టుకుని ఎమ్మెట్ లేచాడు. వేడ్ కదల్లేదు. వెనక్కి వెళ్లేకొద్దీ విమానం కుర్రదవుతుంది, ముందు కోచ్‌లు, మధ్యలో పాతవాళ్లు, తోక దగ్గర పేకాట, పాటలు, వేయించిన కోడి ఎముకలు.

"తాత వస్తున్నాడురా, కాళ్లు ముడుచుకోండి," అన్నాడు డెస్మండ్ టూమీ. రక్షణ జట్టువాడు, ఇవాళ ఎదుటివాళ్లు విసిరిన బంతి ఒకటి మధ్యలో పట్టుకుని, వాళ్లమ్మకు ఇస్తానని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ బంతి ఇలా ఇవ్వు."

"ఎందుకు? నువ్వు ఇవాళ ఒకటి కింద పడేశావుగా, చాల్లేదా?"

వరసలన్నీ నవ్వాయి. ఎమ్మెట్ చెయ్యి చాపే ఉంచాడు. "గీత పడితే మా అమ్మకు నువ్వే జవాబు చెప్పాలి, ఆవిడ నాలాగ మంచిది కాదు," అంటూ టూమీ ఇచ్చాడు. చివరి వరసలో మలకై కిటికీకి నుదురు ఆనించి నోటుపుస్తకంలో ఏదో రాస్తున్నాడు. ఎమ్మెట్ నీడ పడగానే లేవబోయి తలను పైనున్న పెట్టెకు కొట్టుకున్నాడు.

"రా," అన్నాడు ఎమ్మెట్.

"ఎక్కడికి సార్?"

"వంటగది ముందు ఖాళీ ఉంది. నా వెనక నిలబడు."

"ఇక్కడా సార్? విమానంలోనా?"

"చర్చిలో అడిగితే బాగుండేదా?"

ఎయిర్‌హోస్టెస్‌లు ఇద్దరు కాఫీ బండిని లోపలికి లాక్కుని గోడకు అంటుకుపోయారు. ఎమ్మెట్ తివాచీ మీద బంతి పెట్టి వంగాడు, ఎనిమిది వారాల దెబ్బలతో నడుము పాత మంచంలా చప్పుడు చేసింది. ఆటగాళ్లు సీట్లెక్కి మోకాళ్ల మీద నిలబడి చూస్తున్నారు, ఈలలు వేస్తున్నారు, పెళ్లికొడుకు జాగ్రత్త అని ఎవడో అన్నాడు. చేతులు వచ్చాయి. వణుకుతున్నాయి. తాకీ తాకనట్టు, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. పది వేళ్లున్నాయి, ఎమ్మెట్ వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. కుర్రాడు కూత పెట్టాడు, దక్షిణాది యాసలో, సాగదీస్తూ, ముక్కుతో.

"ఎవరి గొంతురా అది?"

"నాష్‌విల్ వాళ్లది సార్. ఈ వారమంతా వాళ్లనేగా చేసింది. వచ్చే వారం ఎవరో ఇంకా చెప్పలేదు."

ఈలలు కొంచెం తగ్గాయి. "మనది పెట్టు," అన్నాడు ఎమ్మెట్, తివాచీ మీది గీతల్ని చూస్తూ.

"మనది నన్నెప్పుడూ పెట్టమనలేదు సార్."

"రాదా?"

"వచ్చు. గదిలో పెడుతుంటాను. బ్రాస్క్ దిండు విసురుతాడు."

"పెట్టు."

ఇంజన్ల హోరు మీదుగా వెనకనుంచి ఒక గొంతు వచ్చింది, ఎమ్మెట్ ఇంతకుముందు వినని గొంతు, ఏప్రిల్ నుంచీ ఒకే జట్టులో తిరుగుతున్న మనిషిది. కూతకు ఎమ్మెట్ బంతి పెట్టాడు, గుడ్డులా, అలవాటుగా. కుర్రాడు ఆ మెత్తదనానికి సిద్ధంగా లేడు, బంతి మణికట్టుకు తగిలి జారి కాఫీ బండి కిందికి దొర్లింది. వెనక ఎవడో జాలిగా నిట్టూర్చాడు. చూశావా, అనుకుంది ఎమ్మెట్‌లోని పాత మనిషి, ఆనందంగా, లోపల చేతులు రుద్దుకుంటూ. ఆ ఆనందం తగిలి ఎమ్మెట్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. వీడు జారవిడిస్తే తనకెందుకు సంతోషం? బండి కిందనుంచి బంతి తీస్తున్నంత సేపూ మోకాళ్ల మీద ఉండి ఆ ప్రశ్న మొహంలోకి చూశాడు. వేడ్ కోసమా? వేడ్ కోసమేనా ఈ ఐదు వారాల మంచితనం? కొత్త క్వార్టర్‌బ్యాక్ వస్తే వాడితో గదిలో ఉండేవాడు, వాడి చేతులకు అలవాటైనవాడు, ఇరవై నాలుగేళ్ల బ్రాస్క్ వస్తాడు. ముసలి జంటను కలిపే పంపిస్తారు. కుర్రాడు పనికిరాడు, పనికిరాడు, పనికిరాడు అని మూడుసార్లు చెప్పింది ఎవరి గురించి? డెన్హమ్‌కి ఎముక లేదని నవ్వాడు. తనకేముందట?

"మళ్లీ," అన్నాడు. "చేతులు తాకించడం కాదు, ఒత్తు. నేను విరగను."

"సరే సార్."

"సార్ అనకు. వెనక నిలబడి సార్ అంటే నవ్వొస్తుంది."

ఒత్తాడు. వణుకు ఉంది, కాని వణుకు వెనక చెయ్యి ఉంది, నిండుగా. ఎమ్మెట్ కొట్టాడు, మూడో వారం తర్వాత మొదటిసారి, భుజంనుంచి, ఉన్నదంతా పెట్టి. ఠప్‌మని తోలుకు చర్మం తగిలిన చప్పుడు విమానం గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఆ చప్పుడు ఎంత బాగుంటుందో మరిచేపోయాడు. చిన్నప్పుడు వంటింట్లో అమ్మ పిండి ముద్ద బల్లకేసి కొట్టినప్పుడు ఇలాగే పక్కగదిలో ఆడుకుంటూ ఎందుకో కారణం లేకుండా సంతోషపడేవాడు. ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి. చేతులు బంతితోపాటే వచ్చాయి, ఎక్కడా వదల్లేదు. ఏడోదానికి వణుకు పోయింది. వెనక ఈలలు ఆగిపోయి ఉన్నాయి, టూమీ పేకముక్కలు కింద పెట్టి, వాళ్లమ్మ బంతిని చూస్తున్నాడు.

ముందు వరసలో డెన్హమ్ ఒళ్లో పలక పెట్టుకుని ఏవో గీతలు గీస్తున్నాడు. దారికి అవతల వాన్‌హూఫ్ చెవులకు యంత్రాలు తగిలించుకుని రొయ్యలు తింటున్నాడు. ఎమ్మెట్ ముందుకు వెళ్లి డెన్హమ్ దగ్గర వంగి, "ఆదివారం కుర్రాణ్ణి పెట్టు. బుధవారం నుంచి నాతో ఆడించు," అన్నాడు.

"పోయిన వారం పనికిరాడన్నావు."

"పోయిన వారం నేను చూడకుండా అన్నాను."

డెన్హమ్ కలం మూత పళ్ల మధ్య పెట్టుకున్నాడు. "అది సరే. కాని వేడ్ బాగానే ఉన్నాడు కదా. బాగున్నవాణ్ణి తీసేసి ఓడితే జనం నన్నంటారు. రెండు వారాల తర్వాత మనకు ఆట లేని వారం ఉంది. ఆ తర్వాత చూద్దామా? కారణం ఉండాలి ఎమ్మెట్. చేతిలో ఒక కారణం ఉండాలి."

విమానం కిందికి వంగింది, చెవులు మూసుకుపోయాయి. ఇంకో రెండు వారాలు. ఇంకో రెండు వారాలు గుడ్డులా బంతి పెట్టడం, రెప్పపాటు ఆలస్యంగా ఆపడం, వేడ్ పడితే లేపడం, లేపినప్పుడు చూడనట్టు ఎడమచెయ్యే పట్టుకోవడం. ఏదో ఒక ఆదివారం లేపితే లేవకపోవడం. ఇదంతా స్నేహమనుకున్నాడు.

"వాడి చెయ్యి పోయింది," అన్నాడు. "చివరి రెండు వేళ్లు. మూడో ఆట నుంచీ. బంతి ఇవాళ నావల్ల జారలేదు."

"డాక్టరుకు తెలుసా?"

"నాకు తెలుసు."

డెన్హమ్ కలం మూత నోట్లోంచి తీశాడు. ఆ ముఖంలో ముందు భయం వచ్చింది, తర్వాత లెక్క వచ్చింది, ఆ తర్వాత, ఎమ్మెట్ చూస్తుండగానే, ఎనిమిది వారాల ముడతలు ఒక్కొక్కటీ సాగిపోయి మనిషి పదేళ్లు చిన్నవాడయ్యాడు. "అంటే గాయం," అన్నాడు. "అంటే ఇది నిర్ణయం కాదు. గాయం." పక్కకు వంగి యజమాని మోచెయ్యి తట్టి, "మిస్టర్ వాన్‌హూఫ్, ఒక దురదృష్టకరమైన వార్త," అన్నాడు, నవ్వు ఆపుకోలేక. ఎప్పుడు అన్న ప్రశ్నకు ఏప్రిల్ నుంచీ ఊరు ఊరంతా వెతికిన జవాబు అలా ఎవరిదీ కాకుండా, రొయ్యల తోకల మధ్య దొరికింది. ఎమ్మెట్‌కు ఉమ్మేయాలనిపించింది, విమానం గనక మింగాడు.

తొమ్మిదో వరసలో వేడ్ కళ్లు తెరిచి కిటికీలోంచి చూస్తున్నాడు. కింద సరస్సు, సీసం రంగులో, అంచున గాజు కార్ఖానా దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఎమ్మెట్ కూర్చున్నాడు. సీటు మూలిగింది.

"వెనక ఆ చప్పుడు నీదేనా?" అన్నాడు వేడ్, తల తిప్పకుండా.

"నాదే."

"బాగుంది. చాలా రోజులైంది విని." ఎడమచేత్తో కిటికీ అద్దం తుడిచాడు. "వాడితో చెప్పావా? ముందు కూర్చున్నవాడితో?"

"చెప్పాను."

"ఏం చెప్పావు? కుర్రాడు బాగున్నాడనా, నా చెయ్యి బాగోలేదనా?"

వేడ్‌కు తెలుసు. తనకు తెలుసునని వాడికి తెలుసు, మొదటి రోజు నుంచీ తెలుసు, తెలియకుండా ఎలా ఉంటుంది, బంతి అకస్మాత్తుగా గుడ్డయిపోతే అందుకునేవాడికి తెలియదా. "రెండూ," అన్నాడు ఎమ్మెట్.

"ఏది ముందు?"

"కుర్రాడు."

వేడ్ తల ఊపాడు, ఆలోచించి, ఆ వరసకు ఏదో విలువున్నట్టు. "ఐదు వారాలు పట్టింది నీకు, దద్దమ్మా," అన్నాడు. "ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి, ఇవాళ చెప్తాడు, ఇవాళైనా చెప్తాడు అని. నాకు నోరు రాలేదు. నాకు రాదు, అది నీకు తెలుసు. నువ్వేమో మహాత్ముడిలాగా మెత్తగా పెడుతూ కూర్చున్నావు."

దిగబోతున్నామని, బెల్టులు పెట్టుకోమని ముందు నుంచి గొంతు వినిపించింది. వేడ్ స్వెట్‌షర్టు జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. అందరూ కనబడుతుండగా, దీపం కింద, ఒళ్లో పెట్టుకున్నాడు. చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని, తెల్లగా, వేరెవరివో అన్నట్టున్నాయి. బెల్టు కొస ఎడమచేత్తో అందుకుని, కుడిచేత్తో రెండోది పట్టుకోబోయి, పట్టు దొరక్క, ఆగి, ఆ రెండు కొసలూ ఎమ్మెట్ వైపు జరిపాడు.

"ఇది పెట్టు," అన్నాడు.

ఎమ్మెట్ పెట్టాడు.